లారీకి పోసిన గచ్చు

బొంబాయి నాగ్‌పాడాల మోటర్ల కరెంటు పని చేసే బాలనర్సయ్యను ఎరగని లారీ డ్రైవర్ లేడు. ఆయన చెయ్యి పెడితే చచ్చిన బండి గూడ లేచి కూసుంటదని చెప్పుకుంటరు. చెప్పుకోనీ, నాకేం కండ్లమంట లేదు. కానీ బాలనర్సయ్య గురించి నన్ను చెప్పమంటే ఆయన గెలిచిన ముచ్చట్లు చెప్పను. ఆయన తప్పిన ముచ్చట ఒకటున్నది. అండ్ల సగం తప్పు నాదే. అది చెప్తా, ఇనుండ్రి. మనిషి ఎసుంటోడో అండ్లనే తెలుస్తది.

నా పేరు వజ్రమ్మ. బొంబాయిల కామాటిపురా, పదకొండో గల్లీ, రెండో అంతస్తు. మా అత్తమామల కాలంల పాలమూరు దిక్కు నుంచి వచ్చి ఈ ఊర్ల ఇండ్లు కట్టిన కుటుంబం మాది. మేం మోసి కట్టిన బంగ్లాలు సముద్రం పొడుగూత ఉన్నయి, మాకు మాత్రం పదడుగుల ఖోలీ. నేను నలభై ఏండ్లు బిగారి పని చేసిన. అంటే సిమెంటు, రేతి కలిపి మాలు చేసి, తట్టల మోసి మేస్త్రికి అందియ్యాలె. మా ఆయన మేస్త్రి. పెనిమిటి పేరు నా నోటితోని చెప్పను. మేముండే ఖోలీల బంగ్లా, అంటే చాల్, చాల్ అంత మేస్త్రి అనే పిలిచెటోళ్లు, నేను గూడ గట్లనే అంటా.

బాలనర్సయ్య వాళ్ల నాయిన, మా మేస్త్రి ఒక్క పరంజా మీద పని చేసినోళ్లు. బాలనర్సయ్యకు పద్నాలుగేండ్లప్పుడు ఆయనకు గూడ తట్ట ఇచ్చి పైకి ఎక్కించిండ్రు. మూడో అంతస్తు కాడ ఒక్కసారి కిందికి చూసిండు, అంతే, వెదురు బొంగును కావలిచ్చుకొని బిగుసుకపోయిండు. మా మేస్త్రి తన తలగుడ్డ ఇప్పి ఆయన నడుముకు కట్టి, రెండో కొస తన నడుముకు కట్టుకొని మెల్లమెల్లగ దించిండు. నేల మీద నిలబడి చేసే పని ఏదైనా చేస్త గని పైకి మాత్రం పోనని బాలనర్సయ్య ఆ పొద్దే చెప్పేసిండట. నాగ్‌పాడాల ఒక ముసలి ఉస్తాద్ కాడ చేరి మోటర్ కరెంటు నేర్సుకున్నడు. అప్పటి సంది మా మేస్త్రిని అన్న అంటడు, నన్ను వదినె అంటడు.

ఆయన అంగీలకు అన్ని తూట్లే. బ్యాటరీల యాసిడ్ చిట్లి పడి బట్ట తిన్నది. పెండ్లికి పోయినా గవే తూట్ల అంగీలు. మాట తక్కువ. బండి ముంగట కూసున్నడంటే గంట సేపు ఉలుకూ పలుకూ ఉండదు. నడుమ ఎవడన్నా గిట్ల చెయ్యి, గట్ల చెయ్యి అని చెప్పిండనుకో, చేతిల పానా వానికిచ్చి పక్కకు జరుగుతడు. ఆ దెబ్బకు సలహా ఇచ్చినోడు చప్పుడు చెయ్యకుండ పోతడు.

ఇగ మా లారీ. నా కొడుకు శంకర్రావు కొన్నడు. మూతి ముంగటికి పొడుచుకొచ్చిన పాత మోడల్, మా శంకర్ కన్న దానికే వయసు ఎక్కువ. కూలగొట్టిన ఇండ్ల రాళ్లు, మట్టి మోస్తది. దాన్ని నడిపేటోడు లచ్చయ్య. పాలమూరు దిక్కు మనిషి, ముప్పై ఏండ్లుంటయ్. నోట్లె నాలుక లేనోడు. ఖోలీ కిరాయికి తీసుకునే తాకత్ లేక రాత్రిళ్లు లారీ సీటు మీదనే పండుకునేటోడు. బట్టల మూట సీటు వెనుక, అద్దం, దువ్వెన ఎల్లమ్మ ఫోటో పక్కన. నౌకరీ పోతే ఆయనకు ఇల్లు గూడ పోయినట్టే. ఇది మతికుంచుకోండ్రి.

ఎనభై మూడుల, దసరా పోయినంక జరిగింది ఇది. వానకాలంల లారీ క్యాబిన్ల కాళ్ల కింది రేకు తుప్పు పట్టి తూట్లు పడ్డది. బండి పోతుంటే కింద రోడ్డు కనపడేది. వెల్డింగ్ చేయించి కొత్త రేకు ఏపిస్త అన్నడు శంకర్. మా మేస్త్రికి అప్పటికే ఛాతి బాగలేక పని బందయి యాడాదైంది. గ్యాలరీల కూసొని గల్లీల పోయేటోళ్లను లెక్కపెట్టుడే పని. ఆయన ఇన్నడు. రేకెందుకు, అది మళ్ల తుప్పు పడ్తది, నేను గచ్చు పోస్త అన్నడు. శంకర్ నవ్విండు. లారీ ఏమన్న ఇల్లా నాయినా అన్నడు. లచ్చయ్య పండుకుంటలేడా, ఇల్లు గాకపోతే ఏంది అన్నడు మేస్త్రి.

చెప్తే నవ్వుతరు గని, మా గల్లీల ఎవరికీ అది పిచ్చిపనిగ అనిపించలే. మా ఇండ్లల్ల తొట్టి పగిలినా సిమెంటే, పొయ్యి ఇరిగినా సిమెంటే. నేను మాలు కలిపిన. యాడాది తర్వాత మేస్త్రికి తట్ట అందిచ్చుడు, నాకు సంబురమే అయింది. తుప్పు రేకు మీద కోళ్లగూటికి కొట్టే ఇనుప జాలీ పరిచి, దాని మీద మాలు పోసిండు. సీటు కింది బ్యాటరీ నుంచి ముంగటి స్విచ్చుల కాడికి ఒక లావు వైరు నేల మీదనే పోయేది. నడుమ ఏడనో అతికి టేపు చుట్టి ఉండె. అది కాళ్లకు తగులుతది, చూడ సక్కగ లేదని ఆయన ఆ వైరును గూడ మాలు లోపల పెట్టి మూసేసిండు. ఇండ్లల్ల వైర్లు గోడల దాస్తరు గద, గట్ల. మీద నీరు సిమెంటు కొట్టి తాపీతోని రుద్దితే అద్దం లెక్క మెరిసింది. నడుమ నడుమ ఆగి దమ్ము తీసుకున్నడు, గచ్చు మీద మాత్రం ఒక్క గీత లేదు.

ఇరవై ఒక్క రోజులు నీళ్లు పట్టాలె, గోనెపట్ట తడిపి పరవాలె, లేకుంటే పగుళ్లిస్తది అని నాకు చెప్పిండు. నలభై ఏండ్ల సంది ప్రతి గచ్చుకు చెప్పే మాటనే. నాకు ఎరుక లేనట్టు.

ఐదో రోజు తెల్లారంగ ఛాతిల నొప్పి అన్నడు. దవాఖానకు పోయే తొవ్వలనే పోయిండు. నేను ఇంకేం చెప్పను దాని గురించి.

దినాలయ్యే దాక నేను ఖోలీ దాటి బయటికి రావొద్దు గద. లారీ కిందనే నిలబడ్డది. సాయంత్రం గ్యాలరీ కటకటాల నుంచి చూస్తే, లచ్చయ్య నల్లా కాడ బకెట్ నింపుకొని పోయి గచ్చు మీద నీళ్లు చల్లి, గోనెపట్ట తడిపి పరుస్తున్నడు. ఎవ్వరూ చెప్పలే ఆయనకు. మేస్త్రి నాతోని అన్న మాట పక్కన నిలబడి ఇన్నడంతే. తెల్లారి ఆ పట్ట తీసి బానెట్ మీద ఎండేసేటోడు. నేను బయటికి వచ్చినంక ఆ పని నేను తీసుకున్న.

దినాలైన తెల్లారి లారీ తీద్దామంటే లేవలే. సెల్ఫ్ కొడితే ముసలోడు దగ్గినట్టు రెండు సార్లు దగ్గి ఊకున్నది. బ్యాటరీల కరెంటు లేదు. నిలబడి నిలబడి గట్లయిందన్నరు. పది మంది కలిసి ఫోరస్ రోడ్ దాక నూకితే లేచింది. పగలంత మంచిగ తిరిగింది, ఏడ ఆపినా మళ్ల లేచింది. రాత్రి పెట్టి తెల్లారి చూస్తే మళ్ల అదే కథ. ఆ తెల్లారి గూడ అదే. రోజు పొద్దుగాల చాల్ మగోళ్లంత పండ్లు తోముకునుడు ఆపి లారీ నూకుడే. మొదట్ల నవ్వుకుంట నూకిండ్రు, వారం దినాలకు తిట్టుకుంట నూకిండ్రు. ఆలస్యమైతుందని శంకర్‌కు పని ఇచ్చే కాంట్రాక్టర్ వేరే లారీ చూసుకుంట అన్నడు.

శంకర్ లారీని బాలనర్సయ్య కాడికి తోలిచ్చిండు. ఆయన బ్యాటరీ చూసిండు, మంచిదే. డైనమో చూసిండు, మంచిదే. బ్రేకు లైట్లు, హారన్, అన్ని ఒక్కొక్కటి ఊడదీసి చూసిండు. మూడు రాత్రులు తన దుకాణం ముంగటనే పెట్టుకున్నడు. మూడు పొద్దులూ ఒక్క సెల్ఫ్‌కే లేచింది. బాగయిందని తెచ్చుకున్నం. మా గల్లీల ఒక్క రాత్రి పండుకున్నది, తెల్లారేసరికి మళ్ల ఖాళీ.

రెండో సారి ఆయననే మా గల్లీకి వచ్చిండు, మధ్యాహ్నం పూట. బ్యాటరీకి ఉండే ఒక వైరు ఇప్పి, ఆ సందుల ఒక బల్బు పెట్టిండు. అన్ని స్విచ్చులు బంద్ చేసినంక గూడ బల్బు వెలిగిందంటే కరెంటు ఏడనో కారుతున్నట్టు అని మా శంకర్‌కు చెప్పిండు. గంట సేపు చూసిండు, బల్బు వెలగలే. శంకర్ ఎల్లమ్మ ఫోటో కాడి ఎర్ర బల్బును చూపిచ్చి ఇదే తాగుతున్నదేమో అన్నడు. అమ్మవారి మీద పెట్టొద్దు, అది ఉంగరమంత బల్బు, నెల రోజులు వెలిగినా అంత తాగదు అన్నడు బాలనర్సయ్య. పోనీ రాత్రి పూట బ్యాటరీ వైరు ఇప్పి పెడితే అని అడిగిండు శంకర్. దానికి మాత్రం కోపం వచ్చింది ఆయనకు. బీమారి దాచిపెట్టుడు నా పని కాదన్నడు. ముప్పై ఏండ్ల పనితనం, అది ఓడిపోతుంటే ఎవలకు మాత్రం కోపం రాదు? అప్పుడన్నడు ఆ మాట.

"లారీ నా కాడ పండుకుంటే బ్యాటరీ నిండుగుంటది. మీ కాడ పండుకుంటే ఖాళీ అయితది. లారీల తప్పు లేదు శంకర్, రాత్రి ఎవరో వాడుతున్నరు."

రాత్రి లారీల ఉండేది ఒక్క లచ్చయ్యనే. పేరు పెట్టి చెప్పాల్సిన పనే లేదు.

ఫోరస్ రోడ్ మలుపు కాడ ఆమ్లెట్ల బండోడు ఒకడు బల్బు పెట్టుకొని అమ్ముతడు. లచ్చయ్య రాత్రి తిండికి ఆడికే పోతడు. అంతే, కథ అల్లిండ్రు. మా బ్యాటరీకి వైరు తగిలిచ్చి ఆమ్లెట్ల బండికి కరెంటు అమ్ముతున్నడట. లారీ నిలబడేదేడ, బండి ఉండేదేడ? వైరు గల్లీ పొడుగు ఏసుకుంటడా? ఇప్పుడు అడుగుతున్న ఈ మాట అప్పుడు నా బుర్రకు రాలే. పెనిమిటి పోయిన మంట మీద ఉన్న, ఎవలనో ఒకలను పట్టుకొని కరవాలని ఉన్నది. ఉన్నమాట చెప్తున్న.

ఆదివారం పొద్దుగాల నల్లా కాడ, చాల్ అంత బిందెలు పెట్టుకొని నిలబడ్డ యాళ్ల, లచ్చయ్య మొఖం కడుక్కునేటానికి వచ్చిండు. నేను నోరు తెరిచిన. మేస్త్రి ఉన్నన్ని దినాలు మంచిగున్నవు, ఆయన పోంగనే దొంగతనానికి సందు దొరికిందా అన్న. ఇంకా శాన అన్న, అవి మళ్ల చెప్పలేను. శంకర్ పక్కనే ఉండి ఒక్క మాట అడ్డం చెప్పలే.

లచ్చయ్య మొఖం మీద నీళ్లు తుడుసుకొని, "నేను చెయ్యలే పెద్దమ్మా" అన్నడు.

నేను ఆగలే. ఆయన ఇంకోసారి చెప్పలే. లారీ కాడికి పోయి మూట, పక్కబట్టలు తీసుకున్నడు. తాళంచెవి తెచ్చి మా గడప మీద పెట్టిండు. పోతా పోతా కింద నుంచి మళ్ల ఒక మాట అన్నడు, గోనెపట్ట బానెట్ మీద ఎండుతున్నది, మర్సిపోకు అని.

ఆ సాయంత్రం గూడ పోయి గచ్చుకు నీళ్లు పట్టిన. ఇరవై ఒక్క రోజులు అప్పటికే దాటినయి. నలభై ఏండ్లు గచ్చులు తడిపినదాన్ని, నాకు ఎరుక లేక కాదు. ఆపబుద్ధి కాలే. ఆయన ఈ భూమ్మీద చేసిన కడసారి పని అది. నీళ్లు పట్టుడు ఆపితే పని అయిపోయినట్టు, పని అయిపోతే మేస్త్రి నిజంగనే పోయినట్టు. అందుకే చెంబు పట్టుకొని దిగుతుంటి.

సోమవారం తెల్లారి శంకరే లారీ ఎక్కిండు. సెల్ఫ్ కొడితే దగ్గింది, ఊకున్నది. ఖాళీ.

లచ్చయ్యను ఊకెనే అన్ననా అనుకున్న, గని బయటపడలే. శంకర్ గూడ తప్పు ఒప్పుకోలే, పోతా పోతా బ్యాటరీని పాడు చేసి పోయిండన్నడు. బాలనర్సయ్య తన దుకాణంల మంచి బ్యాటరీ ఇచ్చి పంపిండు. మంగళవారం తెల్లారి అది గూడ ఖాళీ. శంకర్ పోయి చెప్తే బాలనర్సయ్య తాగుతున్న చాయ కింద పెట్టిండట. లచ్చయ్య ఏడున్నడు అని అడిగిండట. మాకు ఎరుక లేదన్నడు శంకర్. అప్పటికప్పుడు దుకాణం బంద్ చేసి, ఇంకో బ్యాటరీ భుజం మీద పెట్టుకొని, మా గల్లీకి నడిచి వచ్చిండు.

ఆ బ్యాటరీతోని పనికి పోయిన లారీ నాలుగు గంటలకు తిరిగొచ్చి నిలబడ్డది. ఆయన అదే బల్బు, అదే తీరుగ పెట్టిండు. వెలగలే. ఈసారి మాత్రం లేచి పోలే. లారీ మెట్టు మీద కూసొని ఆ బల్బునే చూసుకుంట ఉన్నడు. నేను గ్యాలరీ నుంచి చూస్తున్న. ఎండ గోడ ఎక్కింది, మా కోడలు కింద గ్లాసుల చాయ ఇచ్చింది, చాయ సల్లారింది, బల్బు మాత్రం వెలగలే. ఆరు గంటలైతుండె. నా యాళ్లయింది. చెంబు, బకెట్ నింపుకొని దిగిన. జర జరుగు బాలనర్సయ్యా, నా పని చేసుకొని పోత అన్న. ఆయన బల్బు ఇప్పకుండనే దిగి పక్కకు నిలబడ్డడు. నేను గచ్చు కడిగినట్టు నీళ్లు చల్లి, గోనెపట్ట తడిపి పరిచి, అంచులు కాలితోని ఒత్తి దిగిన. ఇగ ఇది వెలగదు, పోత వదినె అని ఆయన పానాలు సంచిల ఏసుకుంటున్నడు.

ఏసుకుంట ఏసుకుంట ఆగిపోయిండు. నేను గూడ అటు చూసిన. బల్బుల ఉండే సన్న తీగ ఎర్రగయింది, అగర్‌బత్తి కొస లెక్క. చూస్తుండంగనే జర పెరిగింది. ఇంకా జర పెరిగింది. స్విచ్చులన్ని బంద్ ఉన్నయి, క్యాబిన్ల ఎవ్వరూ లేరు, బల్బు వెలుగుతున్నది.

ఆయన మెల్లగ వచ్చి గోనెపట్ట ఒక కొస లేపి, తడి గచ్చు మీద అరచెయ్యి పెట్టిండు.

"వదినె, ఈ నీళ్లు రోజు పోస్తున్నవా?"

రోజు పోస్త అన్న. ఎప్పటి సంది అన్నడు. గచ్చు పోసిన తెల్లారి సంది అన్న. లోపల ఏమున్నదని అడిగిండు. జాలీ ఉన్నది, ఖాడీ రేతి, అంటే సముద్రపు పాయల తవ్విన రేతి, దాంతోని కలిపిన మాలు ఉన్నది, నడుమ వైరు ఉన్నదని చెప్పిన. ఆయన కండ్లు మూసుకున్నడు. తర్వాత మెల్లగ ఇడమర్చి చెప్పిండు. ఇండ్లల్ల వైరు గోడల పెట్టినా పైపుల పెడ్తరు, ఉత్తగ మాలుల పెట్టరు. ఖాడీ రేతిల ఉప్పుంటది. ఉప్పు, నీళ్లు కలిసి రోజు నానబెడితే అతుకు కాడి టేపు కుళ్లింది, జాలీ తీగ లోపలికి గుచ్చుకున్నది. తడి ఉన్నంత సేపు కరెంటు జాలీలకు, జాలీ నుంచి లారీ ఇనుములకు కారుతున్నది. పగలు ఇంజన్ వేడికి గచ్చు ఎండితే కారుడు బంద్. ఆయన దుకాణం కాడ మూడు రాత్రులు ఎవరు నీళ్లు పోసిండ్రు? అందుకే ఆడ మంచిగున్నది.

నాకు ముందుగాల కోపమే వచ్చింది. గింత తెలిసినోనివి, మరి నన్నెందుకు అడగలే అని ఎగిరిన. నువ్వొచ్చినప్పుడల్ల నీ కండ్ల ముంగటనే ఆ పట్ట బానెట్ మీద ఎండుతలేదా అన్న.

"అడగలే" అన్నడు. "బండిని అడిగిన, శంకర్‌ను అడిగిన. లచ్చయ్యను దొంగను అడిగినట్టు అడిగిన. నిన్ను అడగలే వదినె. తప్పు నాది."

ఆ మాటతోని నా కోపం పోయింది. చేతిల చెంబు ఉండె, దాన్ని ఏడ పెట్టాల్నో తెల్వలే. దొంగ అని నలుగురిల నేను ఎవల మీద ఉరికిన్నో, ఆయన నేను బయటికి రాలేని దినాలల్ల నా పెనిమిటి గచ్చుకు నీళ్లు పట్టినోడు. ఆడనే కూలబడి ఏడ్చిన. సిగ్గుతోని ఏడ్చిన.

శంకర్ అప్పుడే గచ్చు పగలగొడ్త అని సుత్తె తెచ్చిండు. నేను వద్దన్న. ముందుగాల మనిషి రావాలె, గచ్చు ఏడికీ పోదు అన్న. ఆమ్లెట్ల బండోన్ని అడిగితే తెలిసింది, లచ్చయ్య ధారావిల తన ఊరోళ్ల గుడిసెల ఉన్నడట, ఎల్లుండి ఘాట్ల దిక్కు రోడ్డు పనికి గుంపుతోని పోతున్నడట. నేను, బాలనర్సయ్య లోకల్ రైలు ఎక్కి మాహింల దిగి నడిచినం. బాలనర్సయ్య ఆ తూట్ల అంగీతోనే వచ్చిండు.

లచ్చయ్య మమ్ములను చూసి లేచి నిలబడ్డడు. బాలనర్సయ్య జరిగింది జరిగినట్టు చెప్పి, నా నోటి నుంచి వచ్చిన మాటతోనే నీ మీద నింద పడ్డది అన్నడు. లచ్చయ్య ఇన్నడు, తల ఊపిండు, గని మూట తియ్యలే. నేను రాను పెద్దమ్మా అన్నడు. దొంగ అన్న గల్లీలకు ఏం మొఖం పెట్టుకొని రావాలె అన్నడు. ఏడ అన్నమో ఆడనే చెప్తం, అందరు ఇన్నంకనే నువ్వు లారీ ఎక్కు అన్నడు బాలనర్సయ్య.

అప్పుడు నేను ఒక మాట అడిగిన. ఇరవై ఒక్క రోజులు దాటినంక గూడ నేను నీళ్లు పడ్తుంటే, ఇగ చాలు అని నువ్వన్న చెప్పకపోతివి అన్న.

"లెక్క నాకు ఎరుకే పెద్దమ్మా" అన్నడు. "నీకు గూడ ఎరుకే అనుకున్న. అందుకే చెప్పలే."

నేను తల ఎత్తలేకపోయిన. ఆ ఒక్క మాట నోరిడిసి చెప్పి ఉంటే ఆయన నౌకరీ పోకపోవు. నా పానం నొచ్చుకుంటదని చెప్పలే.

తెల్లారి నల్లా యాళ్లకు లచ్చయ్య వచ్చి గల్లీ మొదట్ల నిలబడ్డడు. బిందెలన్ని వరుసల ఉన్నయి. ఆదివారం ఉన్నోళ్లే అందరు. ఎంత గొంతుతోని తిట్టిన్నో అంత గొంతుతోనే చెప్పిన. లచ్చయ్య ఏం తియ్యలే, బ్యాటరీని తాగింది నేను పోసిన నీళ్లు, దొంగ అన్నది నా నోరు, నాది తప్పు అన్న. బాలనర్సయ్య నా పక్కన నిలబడి, లారీ మంచిగున్నది మనిషి మంచిగ లేడు అని చెప్పింది నేను, ముప్పై ఏండ్ల పనిల ఇంత పెద్ద తప్పు చెయ్యలే అన్నడు. చాల్‌ల ఇద్దరు ముగ్గురు నవ్విండ్రు, లారీకి గచ్చు ఏందని. నవ్వుకోనీ. పోసిన నాడు చూసి బాగున్నదన్నది గూడ వాళ్లే.

శంకర్ సుత్తె పట్టుకున్నడు గని ఎత్తలేడు. నాయిన చేతి పని అమ్మా, ఇంకో తొవ్వ లేదా, పై నుంచి కొత్త వైరు తీస్తే సరిపోదా అని బాలనర్సయ్యను చూసిండు. వైరు తీస్తే నడుస్తది, మరి వానకాలం వస్తే జాలీ తుప్పు పట్టి రేకును తింటది అన్నడు బాలనర్సయ్య. నిర్ణయం మాత్రం నా మీదనే ఇడిచిండు. నేను ఖోలీలకు పోయి మేస్త్రి సంచిలకెల్లి ఆయన సుత్తె, ఉలి తెచ్చిన. మా మేస్త్రి ఎన్ని గోడలు కూలగొట్టంగ చూడలే నేను. గీత తప్పిందంటే, మాలు ఎంత వోయినా, మాలిక్ చూడకున్నా, తెల్లారి తనే కూలగొట్టి మళ్ల కట్టెటోడు. తప్పు పనిని ఉంచుడు ఆయన చేత కాదు. ఆయన పనికి నేను ఇయ్యాల్సిన మర్యాద అదే అనిపించింది.

మొదటి దెబ్బ నేనే ఏసిన. గట్టిగున్నది. నెల దినాలు నీళ్లు తాగిన గచ్చు, గట్టిగ ఉండకపోతే ఏంది. ఉలి ఎగిరి చెయ్యి చెక్కుకపోయింది. లచ్చయ్య ఎక్కి ఉలి పట్టుకున్నడు, నేను కొట్టిన. పెచ్చులు పెచ్చులుగ వచ్చింది. లోపల వైరు అతుకు కాడ పచ్చగ చిలుం పట్టి ఉన్నది, జాలీ తీగ అండ్ల దిగబడి ఉన్నది. బాలనర్సయ్య ఆ ముక్క కోసి తీసి, నాకు చూపిచ్చి, సంచిల ఏసుకున్నడు. ఇప్పటికీ ఆయన దుకాణంల మొలకు వేలాడుతుంటది. రాత్రి బ్యాటరీ ఖాళీ అయితుందని ఎవలొచ్చినా ఇప్పుడు ఆయన ముందుగాల బండిని చూడడు. రాత్రి బండి కాడికి ఎవరెవరు వస్తరు, ఏమేం చేస్తరు, ఇంట్ల ఆడోళ్లు దాంతోని ఏమన్న పని పెట్టుకుంటరా అని అడుగుతడు. కొత్తోళ్లకు ఇచ్చిత్రంగుంటది. ఆయన అడుగుతనే ఉంటడు.

మధ్యాహ్నానికి వెల్డింగోడు కొత్త రేకు ఏసిండు. వైరు పైపుల నుంచి పై అంచుకు పోయింది. తెల్లారి లారీ ఒక్క సెల్ఫ్‌కే లేచింది. నేను ఖోలీల పొయ్యి కాడ ఉండి ఇన్న. ఆ తెల్లారి గూడ లేచింది. చాల్ మగోళ్లు నిమ్మళంగ పండ్లు తోముకున్నరు.

మూడో రోజు సాయంత్రం, ఆరు గంటల యాళ్ల, ఏ ధ్యాసల ఉన్ననో, చెంబు నింపుకొని కిందికి దిగిన. లారీ కాడికి పోయి తలుపు తెరిచినంక మతికొచ్చింది. కింద రేకు ఉన్నది. నీళ్లు పట్టేటానికి ఏం లేదు. చెంబు పట్టుకొని అట్లనే నిలబడ్డ. వెనుకకు తిరిగి పోవుడు గూడ చేత కాలే.

లచ్చయ్య సీటు మీద పక్కబట్టలు పరుసుకుంటున్నడు. నన్ను చూసిండు, చెంబును చూసిండు. దిగి వచ్చి రెండు చేతులు చాపిండు.

"ఇటియ్యి పెద్దమ్మా, దూపైతుంది" అన్నడు.

నిలబడి చెంబెడు నీళ్లు గటగట తాగిండు. మూతి తుడుసుకొని ఖాళీ చెంబు నా చేతికిచ్చిండు. రేపు గూడ తే అన్నడు.

తెల్లారి సాయంత్రం గూడ తీసుకపోయిన.